మోకాలు డ్యూటీలోనే పోయింది, బోర్డు మాత్రం సర్వీసుకు సంబంధం లేదని రాసింది. ఇప్పుడు ఏమైనా దారి ఉందా?

లంక మిలిటరీ

అందరికీ నమస్కారమండి. మాది పి.గన్నవరం దగ్గర లంక గ్రామం. ఆర్టిలరీలో 24 ఏళ్లు చేసి 2021లో హవల్దార్‌గా ఇంటికొచ్చాను. 2011లో బీపీఈటీ, అంటే సైన్యంలో పెట్టే శారీరక సామర్థ్య పరీక్ష, దాని ప్రాక్టీసులో తొమ్మిది అడుగుల డిచ్ దూకుతుంటే కుడికాలు అవతలి అంచున పడి మెలి తిరిగింది. లోపల టప్పుమని చప్పుడొచ్చింది, నా వెనక లైన్లో ఉన్నవాడికి కూడా వినపడింది. ఎంఐ రూమ్‌లో, అంటే యూనిట్ ఆస్పత్రి గదిలో, క్రేప్ బ్యాండేజి కట్టి, బ్రూఫెన్ ఇచ్చి, ఏడు రోజులు లైట్ డ్యూటీ రాశారు. ఇంజురీ రిపోర్టు వేయిద్దామంటే సీనియర్లే వద్దన్నారు, మెడికల్ కేటగిరీ తగ్గిస్తారు, ప్రమోషన్ ఆగిపోతుంది, రెండు వారాలు ఓర్చుకో తగ్గిపోతుంది అన్నారు. వాళ్లు నా మంచి కోరే చెప్పారు, నేనూ విన్నాను.

తగ్గలేదు. పరుగెత్తినప్పుడల్లా మోకాలు జారినట్టయ్యేది. 2013లో ఎంఆర్‌ఐ తీస్తే ఏసీఎల్ అనే లిగమెంటు తెగిపోయింది, లోపలివైపు మెనిస్కస్, అంటే ఎముకల మధ్య ఉండే మెత్త, చిరిగింది అని తేలింది. ఆపరేషన్ చేశారు, లో మెడికల్ కేటగిరీలో పడ్డాను, ఆ తర్వాత సర్వీసంతా అలాగే లాగాను. 2021లో ఇంటికి పంపే ముందు పెట్టే రిలీజ్ మెడికల్ బోర్డులో వైకల్యం 20 శాతం, జీవితాంతం అని వేశారు. కానీ ఎదురుగా ‘నానా’ అని రాసేశారు, అంటే సర్వీసు వల్ల రాలేదు, సర్వీసులో ముదరనూ లేదు అని. కారణం అని ఉన్న చోట ఒకటే ముక్క: అరుగుదల జబ్బు, ఫీల్డ్ ఏరియాతో సంబంధం లేదు. దాని మీదే డిజెబిలిటీ పెన్షన్ తిరస్కరించినట్టు ఉత్తరం వచ్చింది.

అప్పీలు వేయలేదు. అప్పటికి మా నాన్నగారు మంచాన ఉన్నారు. 2022 జులైలో గోదారి మా లంక మీదకి వచ్చి ఇంట్లో నడుం లోతు నీళ్లు నిలిచాయి. నల్ల ట్రంకు పెట్టెను అటక మీదకి ఎక్కించే టైమ్ దొరకలేదు. నీళ్లు తీశాక ఆ కాగితాలు ఒక్కోటి విడదీసి నులకమంచం మీద పరిచి, ఎగిరిపోకుండా పెంకుముక్కలు పెట్టి ఆరబెట్టాను. మిషను మీద కొట్టిన అక్షరాలు నిలిచాయి, చేత్తో ఇంకుతో రాసినవి చాలావరకు నీలంగా పాకిపోయాయి.

ఇప్పుడు రేవు మెట్లు దిగాలంటే పక్కకి తిరిగి ఒక్కో మెట్టు దిగుతాను. ఊడ్పుల రోజుల్లో గట్టు మీద కాలు జారితే మోకాలు లాక్ అయిపోతుంది, ఎవరో ఒకరు వచ్చి పట్టుకునేదాకా అక్కడే నిలబడాలి. గొంతుకూర్చోవడం పూర్తిగా పోయింది. నాలుగేళ్లు దాటిపోయింది, ఇంజురీ రిపోర్టు లేదు. ఇంకా అడగొచ్చా, లేక వదిలేయాల్సిందేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

భీమవరం నాయక్

అన్నా, వదిలేయొద్దు, దయచేసి వదిలేయొద్దు. చదువుతుంటే నా కడుపు మండిపోతోంది. 17 ఏళ్ల పిల్లాడిని భర్తీ ర్యాలీలో అణువణువూ చూసి, మోకాళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయా అని కూడా చూసి తీసుకుంటారు, పాతికేళ్లు పరుగెత్తించి పంపేటప్పుడు ఇది నీ సొంత జబ్బు అంటే ఎలా?

నాదీ మోకాలే, ఎడమది. 2006లో పెట్రోలింగ్‌లో రాత్రిపూట వాగు దాటుతూ పడ్డాను. నాకు ఇంజురీ రిపోర్టు ఉంది కాబట్టి 20 శాతం సర్వీసు వల్లే అని రాశారు, 2012లో రిటైరైన దగ్గర్నుంచి వచ్చింది. నీకూ నాకూ తేడా ఆ ఒక్క కాగితమే. కానీ నాకూ మొదట్లో 20 శాతానికే ఇచ్చారు. 50కి పెంచాలని తర్వాత ట్రిబ్యునల్‌కి వెళ్లాల్సి వచ్చింది. దాని సంగతి లాయరుగారు ఎవరైనా చెబితే బాగుంటుంది.

రావులపాలెం ఏఎంసీ

హవల్దార్ సాబ్, నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేశాను, ఆర్థో వార్డులో చాలాకాలం ఉన్నాను. రెండు సంగతులు చెప్తాను.

మొదటిది, మీ బోర్డు రాసిన ‘అరుగుదల’ అన్న మాట గురించి. ఏసీఎల్ అంటే తొడ ఎముకని కాలి ఎముకని మోకాలి మధ్యలో పట్టి ఉంచే తాడు లాంటిది. పాదం నేలకి ఆనుకుని ఉండగా ఒళ్లు మెలి తిరిగితే తెగుతుంది. టప్పుమన్న చప్పుడు, కొన్ని గంటల్లోనే వాపు, తర్వాత జారినట్టు అనిపించడం, ఈ మూడూ దానికి అచ్చమైన లక్షణాలు, మీరు రాసింది చదవగానే నాకు తెలిసిపోయింది. తాడు తెగినాక ఎముకలు అటూ ఇటూ కదులుతుంటాయి, ఆ రాపిడికి మెనిస్కస్ చిరుగుతుంది, ఎముకల చివర ఉన్న నున్నటి పొర అరుగుతుంది, పదేళ్లు తిరిగేసరికి ఎక్స్‌రేలో అరుగుదల కనిపిస్తుంది. అంటే అరుగుదల నిజమే, కానీ అది దెబ్బకి పుట్టింది. 2021 ఎక్స్‌రే చూసి 2011 దెబ్బని మర్చిపోవడం కుదరదు. ఇది మీ అప్పీల్లో మొదటి పేరాలో ఉండాలి.

రెండోది, ఇంజురీ రిపోర్టు లేదని దిగులు పడకండి. ఇంజురీ రిపోర్టు రాసే ఐఏఎఫ్‌వై-2006 ఫారం ఉంటే బంగారం, లేకపోతే దారులు మూసుకుపోవు. 2013లో ఆపరేషన్‌కి అడ్మిట్ అయ్యారు కదా, ఆ కేస్ షీట్ మొదటి పేజీలో డాక్టరు చరిత్ర అడిగి రాస్తాడు, ఎప్పుడు, ఎలా, ఏం చేస్తుండగా అని. నేను వందలు చూశాను అలాంటివి. పేషెంటు చెప్పింది చెప్పినట్టు రాస్తారు, అప్పటికి ఎవరికీ పెన్షన్ ఆలోచన ఉండదు కాబట్టి ఆ రాతకి విలువ ఎక్కువ. కేటగిరీ బోర్డు కాగితాల్లో కూడా అదే మళ్లీ ఎక్కించి ఉంటారు. మీ దగ్గర తడిసిపోయినా రికార్డ్ ఆఫీసులో ఒక కాపీ ఉంటుంది. ఆర్‌టీఐ పెట్టండి, 10 రూపాయల పోస్టల్ ఆర్డరు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అడగాల్సినవి ఇలా విడివిడిగా రాయండి: రిలీజ్ బోర్డు ప్రొసీడింగ్స్ అంటే ఏఎఫ్‌ఎంఎస్‌ఎఫ్-16 పూర్తి కాపీ, అన్ని కేటగిరీ బోర్డుల కాగితాలు, 2013 కేస్ షీట్, డిశ్చార్జి సమ్మరీ, సర్వీసులో చేరినప్పటి మెడికల్ పరీక్ష కాగితం. ఆ చివరిది మర్చిపోవద్దు. చేరినప్పుడు మోకాలు బాగుంది అని దాని మీదే ఉంటుంది.

గోదారి లాయర్

నేను రాజమండ్రిలో ప్రాక్టీసు చేస్తాను, మాజీ సైనికుల కేసులు చెన్నైలోని ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ బెంచ్‌లో కొన్ని చూశాను. ఏఎంసీగారు చెప్పింది వైద్యం వైపు నుంచి సరిగ్గా సరిపోయింది. చట్టం వైపు నుంచి చెప్తాను.

మీకు అండగా నిలిచేది 2013 జులై 2న సుప్రీంకోర్టు ఇచ్చిన ధరమ్‌వీర్ సింగ్ తీర్పు. సైన్యంలో చేర్చుకునేటప్పుడు రికార్డులో జబ్బు ఏదీ రాయకపోతే మనిషి ఆరోగ్యంగా చేరాడనే అనుకోవాలి, తర్వాత ఆరోగ్యం చెడితే అది సర్వీసు వల్ల వచ్చిందనే అనుకోవాలి, కాదు అంటే ఎందుకు కాదో నిరూపించాల్సింది ప్రభుత్వం, అనుమానం ఉంటే లాభం సైనికుడికే పోవాలి అని అందులో తేల్చారు. చేరేటప్పుడు పరీక్షలో ఆ జబ్బు ఎందుకు కనిపించలేదో బోర్డు కారణాలు రాయాలి అని కూడా ఉంది. 2015 ఫిబ్రవరిలో రాజ్‌బీర్ సింగ్ కేసులో అదే మాట మళ్లీ చెప్పారు. 2025లో రాజుమోన్ కేసులోనూ, కారణాలు లేకుండా బోర్డు ఇచ్చే అభిప్రాయం చెల్లదన్న ధోరణిలోనే సుప్రీంకోర్టు నడిచింది. మీ బోర్డు రాసిన ఆ ఒక్క ముక్క ఈ పరీక్షకి నిలబడదని నా నమ్మకం.

ధరమ్‌వీర్ తీర్పు 1982 నాటి ఎంటైటిల్‌మెంట్ రూల్స్, అంటే ఈ పెన్షన్ ఎవరికి రావాలో చెప్పే రూల్స్, వాటి మీద వచ్చింది. 2008లో రూల్స్ మార్చారు, ప్రభుత్వం వైపు వకీలు తప్పకుండా ఆ మాట ఎత్తుతాడు. అయినా ట్రిబ్యునళ్లు ఆ తీర్పు బాటలోనే చాలా కేసుల్లో నడుస్తూ వచ్చాయి. మీరు 2021లో వచ్చేశారు కాబట్టి 2023 సెప్టెంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త రూల్స్ మీకు తగలవు.

ఇంకోటి, ఫీల్డ్ ఏరియాలో కాదు కాబట్టి ఇవ్వం అనే వాదన. పీస్ స్టేషన్‌లో, అంటే ఫీల్డ్ ఏరియా కాని మామూలు స్థావరంలో, బీపీఈటీ కూడా హుకుం మీద జరిగే డ్యూటీయే, సరదాకి దూకింది కాదు. ట్రిబ్యునళ్లు ఇది చాలాసార్లు అన్నాయి. మీకు కేవలం ‘ముదిరింది’ అని కాదు, ‘సర్వీసు వల్లే వచ్చింది’ అని అడిగే హక్కు ఉంది.

లంక మిలిటరీ

మీ ముగ్గురికీ చేతులెత్తి దండం పెడుతున్నానండి. ఇంత వివరంగా నాకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. లాయరుగారూ, ఆలస్యం సంగతి ఏంటండి? ఉత్తరంలో ఆరు నెలల్లోపు ఫస్ట్ అప్పీలు వేయాలని ఉంది, నాలుగేళ్లు అయిపోయింది. గెలిస్తే ఎంత వస్తుంది అని మా ఆవిడ అడుగుతోంది, అడగడానికే సిగ్గుగా ఉంది కానీ అబ్బాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం.

గోదారి లాయర్

సిగ్గు పడాల్సిందేమీ లేదు, అది మీ హక్కు.

ఆలస్యం గురించి 2008 ఆగస్టులో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది గుర్తుపెట్టుకోండి. పెన్షన్ రాకపోవడం ప్రతి నెలా కొత్తగా జరిగే అన్యాయం, కాబట్టి ఆలస్యమైందని కేసే కొట్టేయరు. కానీ పాత బకాయిలు మామూలుగా కేసు వేసిన రోజు నుంచి వెనక్కి మూడేళ్లకే ఇస్తారు. మీరు 2021లో వచ్చారు, ఇప్పటికే ఏడాదికి పైగా బకాయి పోయినట్టే. ఇక నుంచి ఆలస్యం చేసిన ప్రతి నెలకీ ఒక నెల డబ్బు వెనక నుంచి రాలిపోతుంది. ఈ లెక్క మీ ఆవిడగారికి చెప్పండి, మిమ్మల్ని తొందరపెట్టేది ఆవిడే అవుతారు.

డబ్బు లెక్క ఇలా. డిజెబిలిటీ ఎలిమెంట్, అంటే పెన్షన్‌లో వైకల్యానికి ఇచ్చే భాగం, 100 శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం. ఉదాహరణకి ఆఖరి జీతం 45,000 అనుకుంటే 100 శాతానికి 13,500. మీ 20 శాతానికి 2,700 మాత్రమే. కానీ బ్రాడ్ బ్యాండింగ్ అని ఒకటుంది, నాయక్‌గారు అడిగింది అదే. 50 కన్నా తక్కువ ఉంటే 50గా, 50 నుంచి 75 దాకా ఉంటే 75గా, ఆ పైన 100గా లెక్కించాలి. మొదట ఇది మెడికల్‌గా మధ్యలో పంపేసినవాళ్లకే అని పట్టుబట్టారు. 2014 డిసెంబర్ 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు పూర్తి సర్వీసు చేసి రిటైరైనవాళ్లకి కూడా వర్తిస్తుందని చెప్పింది. అంటే మీ 20 కాస్తా 50 అవుతుంది, అదే జీతం మీద నెలకి 6,750, దాని మీద డీఆర్, అంటే డియర్‌నెస్ రిలీఫ్, వేరే. సర్వీసు పెన్షన్‌కి ఇది అదనం.

దారి ఏంటంటే, ఆర్‌టీఐ పెట్టిన రోజే ఫస్ట్ అప్పీలు కూడా రికార్డ్ ఆఫీసుకి స్పీడ్ పోస్టులో పంపేయండి, ఆలస్యానికి కారణం, నాన్నగారి అనారోగ్యం, వరద, అన్నీ రాయండి. కాగితాలు వచ్చాక అదనంగా జత చేయొచ్చు. ఆరు నెలల్లో జవాబు రాకపోతే ట్రిబ్యునల్ తలుపు తట్టొచ్చు. తిరస్కరిస్తే సెకండ్ అప్పీల్ ఉంది, దాని తర్వాత ట్రిబ్యునల్. ముందే ఒక మాట, ట్రిబ్యునల్లో గెలిచాక కూడా ప్రభుత్వం పైకోర్టుకి వెళ్లే కేసులు ఉన్నాయి, ఓపిక కావాలి.

చెరువుగట్టు

అందరూ గెలిచేవాళ్ల కథలే చెబుతున్నారు కాబట్టి నాదీ చెప్తాను, వేరేవాళ్లకి పనికొస్తుంది. నేను ఎయిర్‌ఫోర్స్‌లో 20 ఏళ్లు చేసి వచ్చాను, ఇప్పుడు ఆకివీడు వైపు రొయ్యల చెరువు చేస్తున్నాను. నా మోకాలికి బోర్డు 15 నుంచి 19 శాతం వేసింది, సర్వీసు వల్ల ముదిరింది అని కూడా ఒప్పుకుంది. అయినా పెన్షన్ రాలేదు. 20 శాతం లేకపోతే సర్వీసు పూర్తి చేసినవాడికి డిజెబిలిటీ ఎలిమెంట్ లేదని 2019 డిసెంబర్‌లో రాథోర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. ఒక్క శాతం తేడా. బోర్డు ముందు కూర్చున్న రోజున నొప్పి లేదని, బాగానే ఉన్నానని చెప్పాను, ఎందుకంటే మాకు అలాగే అలవాటు చేశారు, నొప్పి ఉందని చెప్పడం తక్కువగా అనిపించేది. ఇప్పుడు రాత్రిపూట చెరువు చుట్టూ ఏరేటర్లు చూసి రావాలంటే గట్టు మీద కర్ర పట్టుకుని తిరుగుతున్నాను.

రిలీజ్ బోర్డు ముందున్న తమ్ముళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఎక్కువ చెప్పొద్దు, డాక్టరు కాలు వంచి చూస్తే తెలిసిపోతుంది. కానీ తక్కువ మాత్రం చెప్పొద్దు. మెట్లు ఎక్కలేకపోతే ఎక్కలేనని చెప్పండి.

నర్సాపురం కోడలు

నమస్కారమండి. మా మామయ్యగారి తరఫున రాస్తున్నాను. ఆయన 1971 యుద్ధం టైమ్‌లో సిపాయిగా ఉన్నారు. ఆ తర్వాత ట్రక్కు మీంచి సామాను దించుతుంటే మోకాలు విరిగిందట, 1974లో మెడికల్‌గా పంపించేశారు. పెన్షన్ లేదు. ఇప్పుడు ఆయనకి 76. ఆ డిశ్చార్జి బుక్కు ఒక్కటే ఉందండి, గులాబీ రంగు గుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టుకున్నారు. మొన్న మా అబ్బాయి తీసి ఫొటో కొడుతుంటే, అంచులు విరిగిపోతాయి, నెమ్మది, అని పక్కనే నిలబడి చూశారు. ఆయన నోరు తెరిచి ఎప్పుడూ ఏమీ అడగలేదు. మాకే మనసొప్పట్లేదు. ఏమైనా అవకాశం ఉందా అండి?

గోదారి లాయర్

అమ్మా, మీకు అబద్ధపు ఆశ పెట్టను, ఇది కష్టమైన కేసు. పెన్షన్ లేకుండా వచ్చేసినవాళ్ల సర్వీసు కాగితాలు 25 ఏళ్లు దాటాక ధ్వంసం చేస్తారు, కాబట్టి రికార్డ్ ఆఫీసు నుంచి మా దగ్గర ఏమీ లేదు అనే జవాబు రావచ్చు. ఇన్నేళ్ల తర్వాత అడిగితే రుజువు భారం కూడా చాలావరకు మీ మీదే పడుతుంది.

కానీ ఆ డిశ్చార్జి బుక్కులో డిశ్చార్జి కారణం అనే చోట ఏం రాసి ఉందో చూడండి. మెడికల్‌గా పనికిరారని ఇన్‌వ్యాలిడ్ చేసినట్టు ఉంటే, 2014లో సుఖ్వీందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట మీకు సాయపడుతుంది: వైకల్యం వల్ల మనిషిని సర్వీసు నుంచి పంపేశారంటే దాన్ని 20 శాతానికి పైనే అని అనుకోవాలి. చెరువుగట్టుగారి పరిస్థితికీ మీ మామగారి పరిస్థితికీ అదే తేడా, ఆయన సర్వీసు పూర్తి చేసుకుని వచ్చారు, మీ మామగారిని మధ్యలో పంపేశారు. బుక్కులో ప్రతి పేజీ మంచి వెలుతురులో స్కాన్ చేయించి పెట్టుకోండి, ముడుచుకున్న పేజీలు బలవంతంగా తెరవొద్దు. నాకు మెసేజ్ పెట్టండి, చూసి చెప్తాను, ఫీజు ఏమీ వద్దు.

ముమ్మిడివరం సిపాయి

నాకు రాలేదండి, ఎందుకు రాలేదో చెప్తాను. 2015 సంక్రాంతికి సెలవు మీద వచ్చి ఊళ్లో కబడ్డీ ఆడుతుంటే మోకాలు పోయింది. వార్షిక సెలవులో సొంత పని మీద తగిలిన దెబ్బకి సర్వీసుతో సంబంధం చూపించాలి, చూపించలేకపోయాను. యూనిట్ తరఫున ఆడిన ఆటలో అయితే డ్యూటీ కింద లెక్క. సెలవుకి వస్తూ దారిలో, తిరిగి వెళ్తూ దారిలో అయినా లెక్కే. ఊళ్లో సరదాగా ఆడింది లెక్క కాదు. ట్రిబ్యునల్లో ఓడిపోయాను, ఒకాయన కేసు నీదే గెలుపు అని ముందే డబ్బు తీసుకున్నాడు. అదే నాకు ఎక్కువ బాధ.

మాధవరం మనవడు

తమ్ముడూ, ఆ చివరి మాట మీద అందరికీ చెప్పాలి. మా తాత, మా నాన్న, నేను, మూడు తరాలు మిలిటరీ. తాడేపల్లిగూడెం దగ్గర మా ఊరిని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. ఇలాంటి ఊళ్ల చుట్టూ బ్రోకర్లు తిరుగుతుంటారు, వచ్చిన బకాయిలో మూడో వంతు ఇస్తే చాలు, నేను చూసుకుంటా అని ఖాళీ వకాలత్‌నామాల మీద సంతకాలు పెట్టించుకుంటారు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. మన పెన్షన్ వెబ్‌సైటు స్పర్శ్ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వొద్దు. ఒరిజినల్ కాగితం చేతి నుంచి వదలొద్దు.

ఉమ్మడి తూర్పుగోదావరివాళ్లకి కాకినాడలో, పశ్చిమవాళ్లకి ఏలూరులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. అక్కడ అప్పీలు నమూనా చూపిస్తారు, పంపడానికి సాయం చేస్తారు. 2025 జులై 26న జాతీయ న్యాయ సేవల సంస్థ వీర్ పరివార్ సహాయతా యోజన మొదలుపెట్టింది, సైనిక బోర్డుల దగ్గర ఉచిత న్యాయ సహాయ కేంద్రాలు పెట్టడం దాని ఉద్దేశం. వెళ్లి అడగండి.

ఇంకా సర్వీసులో

నేను సెలవు మీద ఊరు వచ్చాను, కాట్రేనికోన. ఇదంతా చదివి టెన్షన్ పట్టుకుంది. గత నెల వాలీబాల్ మ్యాచ్‌లో, యూనిట్ మ్యాచే, మోకాలు మెలి తిరిగింది. నేనూ రిపోర్టు వేయించలేదు. ఇప్పుడు వేయించొచ్చా?

రావులపాలెం ఏఎంసీ

వేయించు తమ్ముడూ, సెలవు నుంచి వెళ్లిన మొదటి రోజే. ఆలస్యంగా వేసినా అసలు లేకపోవడం కన్నా వెయ్యి రెట్లు మేలు. ఆటకి యూనిట్ ఆర్డరు ఉంటే దాని కాపీ, చూసినవాళ్లు ఇద్దరి వాంగ్మూలం, ఎంఐ రూమ్ రిజిస్టరులో నీ పేరు ఎక్కిన తేదీ, ఈ మూడూ పెట్టుకో. ఎంఆర్‌ఐ అడుగు, ఎక్స్‌రేలో లిగమెంటు కనపడదు. నీకు 2023 రూల్స్ వర్తిస్తాయి, పూర్తి సర్వీసు చేసినవాళ్లకి ఇచ్చేదాన్ని ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్ అంటున్నారు, కాగితాల అవసరం ముందుకన్నా ఇప్పుడు ఎక్కువ. లంక మిలిటరీగారు 2011లో విన్న మాటే నీకు ఎవరైనా చెప్తే ఈ థ్రెడ్ చూపించు.

భీమవరం నాయక్

నాదొక డౌటు. మా ఊళ్లో ఒకతనికి సదరం సర్టిఫికెట్‌లో 45 శాతం వచ్చింది, దాన్ని ఆర్మీ పెన్షన్‌కి వాడొచ్చా అని అడుగుతున్నాడు.

గోదారి లాయర్

అది రాష్ట్ర ప్రభుత్వ పెన్షన్‌కి, రాయితీలకి. అందుకు 40 శాతం ఉండాలి. ఆర్మీ పెన్షన్‌కి రిలీజ్ బోర్డు వేసిన శాతమే లెక్క. తర్వాత మోకాలు ఎలా ముదిరిందో చూపించడానికి పక్కన జత చేయొచ్చు, అంతకు మించి దాని మీద ఆధారపడొద్దు.

లంక మిలిటరీ

రెండు నెలల తర్వాత రాస్తున్నాను, క్షమించాలి. అప్పీలు మీరు చెప్పిన రోజే స్పీడ్ పోస్టు చేశాను. ఆర్‌టీఐకి మొదట సగం కాగితాలే పంపారు, మళ్లీ రాస్తే మిగతావి వచ్చాయి. నిన్న సాయంత్రం పోస్ట్‌మ్యాన్ పడవ దిగి కవరు ఇచ్చాడు. అరుగు మీదే కూర్చుని విప్పాను.

చేరినప్పటి మెడికల్ కాగితంలో కింది అవయవాలు అన్న చోట ‘నార్మల్’ అని ఉంది, 1997 తేదీ, గుండ్రటి ముద్ర. తర్వాత 2013 కేస్ షీట్. ఏఎంసీగారూ, మీరు చెప్పిన చోటే, మొదటి పేజీలోనే ఉందండి. డాక్టరు చేతిరాత గొలుసుకట్టుగా ఉంది, మా అబ్బాయి ఫోన్ లైటు పట్టుకుని పెద్దగా చదివాడు. ‘2011లో బీపీఈటీ సమయంలో డిచ్ దూకుతుండగా కుడి మోకాలికి మెలి దెబ్బ, శబ్దం విన్నాడు, అదే రోజు వాపు’ అని ఇంగ్లీషులో ఉంది. పన్నెండేళ్లుగా ఆ వాక్యం ఎక్కడో ఒక బీరువాలో ఉంది, నాకే తెలియలేదు. నేను చెప్పినప్పుడు ఆ డాక్టరు తలెత్తి చూడలేదు, రాసుకున్నాడని కూడా అనుకోలేదు. ఆయన ఎవరో గుర్తు లేదు, ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

రిలీజ్ బోర్డు పూర్తి కాపీ కూడా వచ్చింది. అందులో ఈ దెబ్బ ప్రస్తావనే లేదు. లాయరుగారూ, ఈ రెండు పేజీలూ అప్పీలుకి జత చేసి పంపుతున్నాను. ఇంకేం చేయాలో చెప్పండి.

గోదారి లాయర్

చాలా మంచి కాగితం దొరికింది. బోర్డు తన ఎదుట ఉండాల్సిన రికార్డు చూడలేదని ఇప్పుడు మనం చూపించగలం. కవరింగ్ లెటర్‌లో ఆ వాక్యాన్ని ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయండి, మీ మాటల్లోకి మార్చొద్దు. అప్పీలు అందిన అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు జాగ్రత్త, ఆరు నెలలు దాని తేదీ నుంచే లెక్క.

రావులపాలెం ఏఎంసీ

హవల్దార్ సాబ్, ఆదివారం నేను మీ వైపు వస్తున్నాను. ఆ కేస్ షీట్‌లో ఆపరేషన్ నోట్స్ పేజీ కూడా ఉండాలి, లోపల మెనిస్కస్ ఎంత పోయిందో అందులో రాస్తారు, వెతికి పక్కన పెట్టండి. అన్నీ మూడు సెట్లు జిరాక్స్ తీయించండి. ఒక సెట్టు మీ లంకలో కాదు, రావులపాలెంలో మా ఇంట్లో ఉంచుదాం, అది మెరక.